జర్మనీలో కొత్త కాపురం: ఏ సామాను ఏ కొట్లో, ఏ పేరుతో దొరుకుతుంది

మన దగ్గర వీధి చివర కొట్లో ఒంటిసబ్బు, జ్వరం బిళ్ల, బల్బు, బట్టలారేసే తాడు, జీలకర్ర అన్నీ ఒకే బల్ల మీద నుంచి చేతికొస్తాయి. జర్మనీలో ఆ ఐదింటి కోసం మూడు గుమ్మాలెక్కాలి. సబ్బు, జీలకర్ర సూపర్‌మార్కెట్‌లో, బిళ్ల మందుల షాపులో, తాడు, బల్బు హార్డ్‌వేర్ కొట్లో ఉంటాయి. దొరకని వస్తువంటూ పెద్దగా లేదు. ఏ గుమ్మమో, అక్కడ దాన్ని ఏమంటారో తెలియకే కొత్తవాళ్ల మొదటి నెల డబ్బులు సగం వృథా అవుతాయి. చదువుకోవడానికి వెళ్లేవాళ్లకైనా, ఉద్యోగం మీద కుటుంబంతో దిగేవాళ్లకైనా లెక్క ఒకటే.

పెట్టె సర్దేటప్పుడు

అక్కడి కరెంటు కూడా మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికా వెళ్లేవాళ్లకు పనికిరాని మన మిక్సీ ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండానే తిరుగుతుంది. తేడా ప్లగ్గులోనే. ఫోన్ ఛార్జర్ల రెండు సన్న పిన్నులు జర్మన్ సాకెట్‌లో నేరుగా దిగుతాయి. మిక్సీ, గ్రైండర్ల మూడు పిన్నుల ప్లగ్గు దిగదు, అడాప్టర్ కావాలి. దాన్ని కొనేముందు పక్కల చూడండి. జర్మన్ సాకెట్‌లో ఎర్త్ మూడో బెజ్జంలో ఉండదు, గుంట అంచుల్లో రెండు లోహపు పట్టీలుగా ఉంటుంది. అడాప్టర్ పక్కల వాటికి తగిలే పట్టీలు లేకపోతే, పైన మూడు బెజ్జాలున్నా ఎర్త్ లేనట్టే. ప్రయాణాల కోసం అమ్మే చౌకరకాల్లో చాలావాటికి ఇవి ఉండవు. ఇస్త్రీపెట్టె, కెటిల్ మోసుకెళ్లకండి, అక్కడ చవక.

కుక్కర్ విషయంలో తొందరపడొద్దు. జర్మన్ ఇళ్లలో గ్యాస్ పొయ్యి అరుదు. గాజుపలక కింద కాయిల్ వేడెక్కే సెరాన్ రకమో, ఇండక్షనో ఉంటుంది. అడుగు చదునుగా ఉన్న అల్యూమినియం కుక్కర్ సెరాన్ మీద పనిచేస్తుంది గానీ ఇండక్షన్ మీద వేడెక్కదు. అద్దె ఇంట్లో ఏ పొయ్యి ఉంటుందో ముందే తెలియదు కాబట్టి ఇండక్షన్ అడుగున్న స్టీలు కుక్కరే తీసుకెళ్లండి. కొట్లోనే అడుగుకి అయస్కాంతం పెట్టి చూడండి, గట్టిగా అతుక్కోవాలి. గ్యాస్కెట్లు రెండు, సేఫ్టీ వాల్వు ఒకటి అదనంగా ఉంచుకోండి. కుక్కర్లు అక్కడి ఇండియన్ కొట్లలోనూ దొరుకుతాయి కానీ మీ కుక్కర్ సైజుకు సరిపోయే గ్యాస్కెట్ దొరకడం అదృష్టం. ఇడ్లీ రేకులు, కొబ్బరికోరు, పోపులడబ్బా, మిక్సీ జారు బ్లేడు కూడా పెట్టుకోండి. దుప్పట్లు, బల్బులు, బకెట్లు వద్దు. మన పిన్ను బల్బు అక్కడి మరచుట్టు హోల్డర్‌లో ఎక్కదు.

నెయ్యి, కోవా, పాల స్వీట్లు, చికెన్ పచ్చడి సామాన్లో పెట్టకండి. ఐరోపా యూనియన్ బయటి నుంచి ప్రయాణికులు పాల, మాంసం పదార్థాలు తేకూడదు. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. ఆవకాయ, కారప్పొడులకు ఈ తంటా లేదు.

దిగే రోజు ఆదివారం కాకుండా చూసుకోండి

ఆదివారాలు, ప్రభుత్వ సెలవుల్లో జర్మనీలో కొట్లన్నీ మూతే. పెద్ద రైల్వేస్టేషన్లు, విమానాశ్రయాలు, పెట్రోలు బంకుల్లోని షాపులు మాత్రం తెరిచి ఉంటాయి, ధర కాస్త ఎక్కువ. బేకరీలు కొన్ని గంటలు తీస్తాయి. బవేరియా రాష్ట్రంలో, అంటే మ్యూనిక్, న్యూరెంబర్గ్ వైపు, మామూలు రోజుల్లో కూడా రాత్రి 8కే సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. శనివారం సాయంత్రం దిగే విమానమైతే మొదటి రోజు సామాను పెట్టెలోనే ఉండాలి: సబ్బు, తువ్వాలు, ఒక దుప్పటి, ఎక్స్‌టెన్షన్ బోర్డు, పారాసిటమాల్, ఇద్దరికి రెండు పూటల తిండి.

బండి తోసుకుని కొనే చోట బండి విడిపించడానికి 1 యూరో నాణెం కావాలి, బండి తిరిగి పెడితే నాణెం తిరిగొస్తుంది. సంచి మీరే తెచ్చుకోవాలి. కౌంటర్‌లో సామాను మీ మీదికి దొర్లుతూ వస్తుంది, సర్దిపెట్టేవాళ్లు ఉండరు. అన్నీ బండిలోకి తోసేసి, పక్కకు వెళ్లి తీరిగ్గా సంచిలో సర్దుకోవడమే పద్ధతి. టర్కిష్, ఏషియన్ కొట్లలో కొన్ని కార్డు తీసుకోవు, 50 యూరోల నగదు దగ్గర ఉంచుకోండి.

ఏ గుమ్మంలో ఏముంటుంది

ముందు గుర్తు పెట్టుకోవాల్సింది డ్రోగెరీ. డీఎం, రోస్‌మన్ అనే రెండు పెద్ద గొలుసు దుకాణాలు దాదాపు ప్రతి ఊళ్లో ఉంటాయి. సబ్బులు, షాంపూ, బట్టల పౌడరు, గిన్నెలు తోమే లిక్విడ్, పసిపిల్లల సామాను, థర్మామీటరు, బ్యాండేజీ, దోమల మందు ఇక్కడ దొరుకుతాయి. చూడ్డానికి మందుల షాపులా ఉంటుంది, విటమిన్ బిళ్లలూ ఉంటాయి, కానీ పారాసిటమాల్ అరల్లో కనిపించదు. దానికి ఎర్రటి ఏ అక్షరం బోర్డున్న అపొటేకెకి, అంటే అసలు మందుల షాపుకి, వెళ్లాలి. రాత్రిళ్లు, ఆదివారాలు వంతుల వారీగా ఒక అపొటేకె తెరిచి ఉంటుంది. ఏదన్నది మూసిన షాపు తలుపు మీదే అంటిస్తారు. ఆ వేళల్లో 2.50 యూరోలు అదనంగా తీసుకుంటారు.

ఓబీ, బౌహౌస్, హోర్న్‌బాఖ్, టూమ్ లాంటివి బౌమార్క్ట్‌లు, అంటే ఇల్లు కట్టే సామాను కొట్లు. పేరు చూసి సిమెంటు దుకాణం అనుకుని మనవాళ్లు లోపలికి వెళ్లరు. బకెట్, తాడు, చీపురు, బల్బు, ప్లగ్గు, నల్లా వాషరు, కర్టెన్ కడ్డీ అన్నీ ఇక్కడే. వాటి వెబ్‌సైట్‌లో మీ ఊరి శాఖను ఎంచుకుంటే వస్తువు స్టాకు ఉందో లేదో ముందే తెలుస్తుంది. ఆ కొట్లు చాలావరకు ఊరి శివార్లలో ఉంటాయి కాబట్టి ఇది చూడకుండా బయల్దేరకండి.

డబ్బాలు, హ్యాంగర్లు, చాపలు, గిన్నెలు చవగ్గా కావాలంటే టెడీ, యాక్షన్, వూల్‌వర్త్. ఆల్డీ, లిడ్ల్‌లలో తిండి సామానుతోపాటు సోమ, గురువారాల్లో ఆ వారం ప్రత్యేక వస్తువులు దింపుతారు. వాక్యూమ్ క్లీనర్, పెనాలు, స్క్రూడ్రైవర్ సెట్టు ఆ తొట్లలో మంచి ధరకు వస్తాయి, మధ్యాహ్నానికి ఖాళీ అవుతాయి. పెద్దచీపురు, పచ్చిమిర్చి, కొత్తిమీర కట్టలు, బెండకాయల కోసం టర్కిష్ కొట్టు చూడండి. బియ్యం, పప్పులు, అగరబత్తులకు ఇండియన్ కొట్టు ఉండనే ఉంది.

పేరు పట్టుకునే ఉపాయం

అనువాదం యాప్ ఒక్కోసారి నిలువునా ముంచుతుంది. జీలకర్రకు సరిగ్గా అదే జరుగుతుంది. యాప్ చెప్పిన క్యూమెల్ అనే పేరు పట్టుకుని డబ్బా కొంటే అందులో ఉండేది షాజీరాకి దగ్గరి చుట్టం, రొట్టెల్లో వేసుకునేది. పోపులో వేస్తే కూర చెడుతుంది. మన జీలకర్ర అక్కడ క్రోయిట్స్‌క్యూమెల్. రెండు డబ్బాలూ అరలో పక్కపక్కనే ఉంటాయి.

ఇలాంటివి తప్పాలంటే యాప్‌ను పక్కనపెట్టి వికీపీడియా వాడండి. వస్తువు పేజీ తెరిచి, పక్కన భాషల వరసలో జర్మన్ నొక్కితే ఆ వస్తువు అసలు పేరు తలకట్టుగా వస్తుంది. మసాలాలకు, మొక్కలకు లాటిన్ పేరు కూడా సరిచూసుకోండి. ఆ పేరును కొట్టు వెబ్‌సైట్‌లో అతికించి, ఫొటో చూసి, అప్పుడు బయల్దేరండి.

వంటింట్లో తరచూ తప్పుపోయేవి ఇంకొన్ని. వంటసోడా కావాలంటే నాట్రోన్ అడగాలి. బాక్‌పుల్వర్ బేకింగ్ పౌడర్, రెండూ ఒకటి కాదు. ఉప్మాకు గ్రీస్ అనే రవ్వ కొనాలి. అందులో వైష్‌వైట్సెన్ అని ఉన్నది మన బొంబాయిరవ్వకు దగ్గర, హార్ట్‌వైట్సెన్ పసుపురంగు గట్టి గోధుమది, నీళ్లు ఎక్కువ తాగుతుంది. మైదా అంటే 405 నంబరు పిండి. నెయ్యి స్థానంలో బుటర్‌ష్మాల్ట్స్ బాగా పనిచేస్తుంది, వాసన కాస్త తక్కువ. శనగపిండి కిషర్‌ఎర్బ్సెన్‌మేల్ పేరుతో పెద్ద సూపర్‌మార్కెట్లలో చిన్న ప్యాకెట్లుగా ఉంటుంది కానీ, బజ్జీల ఇంటికి ఇండియన్ కొట్టే మేలు.

బట్టలు, గిన్నెలు, నీళ్ల గార

బట్టల సామాను అరలో సీసాలన్నీ ఒకేలా మెరుస్తుంటాయి. వాసన బాగుందని వైష్‌ష్ప్యూలర్ కొని నెలరోజులు దాంతోనే ఉతికేవాళ్లు ఉంటారు. అది మెత్తదనం కోసం చివర్లో కలిపేది, మురికి వదలదు. సబ్బు కావాలంటే సీసా మీద వాష్‌మిటెల్ అని ఉండాలి. అందులోనూ ఫోల్‌వాష్‌మిటెల్ పౌడరులో బ్లీచ్ ఉంటుంది, తెల్లబట్టలకు, తువ్వాళ్లకు మంచిది. రంగు చీరలు, కాటన్ కుర్తాలకు కలర్‌వాష్‌మిటెల్ తీసుకోండి. తేలికరకాలకు ఫైన్‌వాష్‌మిటెల్.

ఎంత పొయ్యాలన్నది నీళ్లను బట్టి. జర్మనీలో కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు గానీ చాలా ఊళ్లలో గార ఎక్కువ. మీ ఊరి నీటి సంస్థ వెబ్‌సైట్‌లో జర్మన్ డిగ్రీల్లో లెక్క ఉంటుంది: 8.4 లోపు మెత్తనీళ్లు, 14 దాటితే గట్టినీళ్లు, ఆ మధ్యవి మధ్యరకం. పౌడరు ప్యాకెట్ వెనక పట్టికలో ఆ మూడు వర్గాలకూ మూడు కొలతలు ఇస్తారు. గట్టినీళ్లకు తక్కువ వేస్తే తెల్లబట్టలు బూడిదరంగుకు తిరుగుతాయి, మెషీన్ లోపల గార పడుతుంది.

కెటిల్ అడుగున తెల్లపొర కట్టడం ఖాయం. డ్రోగెరీలో నిమ్మ ఉప్పు, త్సిట్రోనెన్‌జోయిరె అంటారు, పొడిగా దొరుకుతుంది. లీటరు చన్నీళ్లకు రెండు మూడు చెంచాలు కలిపి అరగంట ఉంచండి. త్వరగా పోతుందని మరిగించొద్దు. వేడికి అది సున్నంతో కలిసి కరగని పొరగా మళ్లీ అంటుకుంటుంది. ఇంకో దారి ఎసిగ్‌ఎసెన్స్, 25 శాతం వెనిగర్. ఒక వంతుకు నాలుగు వంతులు నీళ్లు కలపాలి. పచ్చళ్లలో, సలాడ్‌లో వేసే వెనిగర్ అనుకుని నేరుగా వాడితే నోరు కాలుతుంది. అందుకే వంటింటి అరలో పెట్టకండి.

డిష్‌వాషర్ ఉన్న ఇల్లయితే బిళ్లలతోపాటు దానికంటూ వేరే ఉప్పు, మెరుపు కోసం క్లార్‌ష్ప్యూలర్ కొనాలి. వంట ఉప్పు పోయకండి, అందులోని ఇతర పదార్థాలు నీటిని మెత్తబరిచే భాగాన్ని పాడుచేస్తాయి.

స్నానాల గది

చాలా ఇళ్లలో బాత్రూం నేలకు నీళ్లు పోయే తూము ఉండదు. షవర్ తొట్టిలోనో, స్నానపు తొట్టిలోనో పడిన నీళ్లే బయటికి పోతాయి. బకెట్‌తో నేల మీద కుమ్మరిస్తే కింది ఇంటి కప్పు తడుస్తుంది, మరమ్మతు బిల్లు మీ ఇంటికొస్తుంది. బకెట్ తొట్టి లోపలే పెట్టుకోండి.

మగ్గు అనే వస్తువు ఎక్కడా ఆ రూపంలో ఉండదు. వంటసామాను అరలో పిడి ఉన్న లీటరు కొలతపాత్ర కొనండి, సరిగ్గా మన మగ్గే. కొందరు మొక్కలకు నీళ్లు పోసే చిన్న ముక్కు డబ్బా వాడతారు, టాయిలెట్‌కు అది ఇంకా సుఖం.

చేతి జెట్ స్ప్రే పెట్టాలంటే ఆన్‌లైన్‌లో, బౌమార్క్ట్‌లో కిట్లు ఉన్నాయి. టాయిలెట్ ట్యాంకు గోడలో దాచి ఉంటే పైపు బయటికి కనిపించదు. అప్పుడు వాష్‌బేసిన్ కింది వాల్వు నుంచి, సాధారణంగా 3/8 అంగుళాల మర, టీ ముక్కతో లైను తీయాలి. స్ప్రే మీట ఒక్కదాన్నే నమ్మొద్దు. పైపులో ఎప్పుడూ ఒత్తిడి ఉంటే ఏదో రోజు అది పగిలి ఇల్లంతా చెరువవుతుంది. మధ్యలో మూసే వాల్వున్న కిట్టే కొని, వాడిన ప్రతిసారీ కట్టండి. ఇంటి యజమానిని ముందు అడగండి.

కప్పు నుంచి వేలాడే తీగలు

ఫర్నిచర్ లేని ఇల్లంటే జర్మనీలో తరచూ వంటగది గట్టు, సింకు, పొయ్యి, లైట్లు కూడా లేని ఇల్లు. ప్రకటనలో వంటగది ఉందని స్పష్టంగా రాయకపోతే లేదనే అనుకోండి. కప్పు మధ్యలో మూడు తీగలు వేలాడుతుంటాయి. విద్యుత్ పొయ్యి 400 వోల్టుల లైను మీద నడుస్తుంది, అది ఎలక్ట్రీషియనే కలపాలి. లైటు మాత్రం జాగ్రత్త తెలిసినవాళ్లు పెట్టుకోవచ్చు.

1. గోడ స్విచ్ ఆపితే చాలదు. మెయిన్ బోర్డులో ఆ గది బ్రేకర్ దించండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి.

2. రెండు మొనల టెస్టర్‌తో తీగలను జత జతగా తాకి కరెంటు లేదని తేల్చుకోండి. స్క్రూడ్రైవర్ టెస్టర్ మీద ఆధారపడొద్దు.

3. రంగులు చూడండి. గోధుమ లేదా నలుపు ఫేజు, నీలం న్యూట్రల్, పసుపు-ఆకుపచ్చ ఎర్త్. ఇక్కడే మన అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. ఎరుపంటే ఫేజని మన లెక్క, 1965కు ముందు కట్టిన జర్మన్ ఇళ్లలో ఎరుపు ఎర్త్, బూడిదరంగు న్యూట్రల్. ఎర్రతీగ కనిపిస్తే అక్కడితో ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

4. ల్యూస్టర్‌క్లెమె అనే చిన్న ప్లాస్టిక్ కనెక్టరులో ఒక వైపు కప్పు తీగ, మరో వైపు లైటు తీగ దూర్చి మర బిగించండి. తొక్క 8 మిల్లీమీటర్లు తీస్తే సరిపోతుంది, బయట రాగి కనిపించకూడదు. చివరగా ఒక్కో తీగనూ మెల్లగా లాగి చూడండి, ఊడితే మళ్లీ బిగించాలి.

5. లైటు బరువు తీగల మీద పడకూడదు, కప్పు కొక్కేనికో మేకుకో వేలాడాలి.

బల్బు కొనేటప్పుడు మర సైజు చూడండి: ఈ27 పెద్దది, ఈ14 సన్నది. 806 ల్యూమెన్లంటే పాత 60 వాట్ల వెలుగు. అక్కడివాళ్లు 2700 కెల్విన్ పసుపు వెలుగు వాడతారు. మన ట్యూబులైటు తెలుపు కావాలంటే 6500 అని ఉన్నది వెతకండి.

పడక

ఇంటి నుంచి మోసుకొచ్చిన దుప్పటి సరిపోదని ఇక్కడికి వచ్చాకే తెలుస్తుంది. పరుపులు 90, 140, 160, 180 సెంటీమీటర్ల వెడల్పు, అన్నీ 200 పొడవు. అంచులకు ఎలాస్టిక్ ఉన్న దుప్పటి, ష్పాన్‌బెట్‌లాకెన్, అదే సైజుది కొనాలి. దిండు 80×80, చతురస్రం. కప్పుకునేది 135×200, దానికి దిండు గలీబులా తొడుగు ఉంటుంది. దంపతులకైనా చెరొకటి.

మంచం కొంటే పరుపు కింది చెక్కపట్టీల చట్రం, లాటెన్‌రోస్ట్, వేరుగా అమ్ముతారేమో చూసుకోండి. డబ్బులు మిగులుతాయని పరుపు నేరుగా నేల మీద వేయొద్దు. రాత్రి ఒంటి చెమ్మ దిగి చల్లని నేలకు తగిలి ఆగిపోతుంది, కొన్ని వారాల్లో అడుగున నల్లబూజు. చలికాలంలో గదిలోనే బట్టలారేసేవాళ్లు రోజుకు రెండు మూడుసార్లు, ఐదు పది నిమిషాలు కిటికీలు బార్లా తెరవాలి. కాస్త తెరిచి రోజంతా వదిలేస్తే గోడ చల్లబడుతుంది తప్ప చెమ్మ పోదు.

పాత సామాను, ఇంటికి చేరేవి

సోఫా, బల్ల, వాషింగ్ మెషీన్ పాతవి కొనడంలో చిన్నతనం లేదు, అందరూ కొంటారు. క్లైన్‌అన్‌త్సైగెన్ అనే వెబ్‌సైట్ ముఖ్యం. ఉచితంగా ఇచ్చేసేవి వేరే వర్గంలో ఉంటాయి. వస్తువు చూసి, నడిపించి, అప్పుడు నగదు ఇవ్వండి. ముందు డబ్బు పంపమన్నా, వాట్సాప్‌కు రమ్మని లింకు పంపినా వదిలేయండి. వీధిలో పెట్టెకు ఉచితమని కాగితం అంటించి ఉంటే నిరభ్యంతరంగా తీసుకోవచ్చు.

పాత వాషింగ్ మెషీన్ కొనేటప్పుడు ట్రాన్స్‌పోర్ట్ బోల్టులు అడగండి. డ్రమ్ము లోపల స్ప్రింగుల మీద వేలాడుతుంది, బండిలో కదిలితే అవి దెబ్బతింటాయి. వెనక గుచ్చే మూడు నాలుగు పొడవాటి బోల్టులు దాన్ని బిగించి ఉంచుతాయి. ఇంట్లో దించాక అవి తప్పక తీసేయాలి. కొత్త మెషీన్‌కీ అంతే. మరిచి తిప్పితే మెషీన్ గదంతా నడుస్తుంది, బేరింగు పోతుంది. తీసిన బోల్టులు సంచిలో కట్టి మెషీన్ వెనకే ఉంచండి.

ఆన్‌లైన్‌లో తెప్పించేముందు తలుపు గంట మీద, పోస్టుడబ్బా మీద మీ ఇంటిపేరు అంటించాలి. జర్మన్ చిరునామాల్లో ఫ్లాట్ నంబరు ఉండదు, డెలివరీ అబ్బాయి పేరు చూసే వెతుకుతాడు. పేరు లేకపోతే పార్సెలు వెనక్కి పోతుంది. మీరు ఇంట్లో లేకపోతే పక్కింటివాళ్లకు ఇచ్చి చీటీ పెడతారు. పెద్ద సామానుకు బోర్డ్‌స్టైన్ దాకా ఉచితం అని ఉంటే ఇంటి ముందు కాలిబాట వరకే అని అర్థం. నాలుగో అంతస్తుకు, లిఫ్టు లేకుండా, ఫ్రిజ్ మీరే మోయాలి. ఆన్‌లైన్ కొనుగోలును 14 రోజుల్లో వెనక్కివ్వొచ్చు. దుకాణంలో కొన్నది పాడవకుండా కేవలం నచ్చక తిరిగి ఇవ్వడం వాళ్ల దయ, బిల్లు దాచుకోండి.

చెత్త, ఖాళీ సీసాలు

చెత్తడబ్బాలు ఒకటి కాదు, కనీసం మూడు కొనండి: ప్లాస్టిక్ ప్యాకింగుకు, కాగితానికి, తక్కినదానికి. కొన్ని ఊళ్లలో ప్యాకింగుకు పసుపు సంచుల చుట్ట ఉచితంగా ఇస్తారు. గాజు సీసాలు తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తొట్లలో వేరువేరుగా వేయాలి, నీలంరంగు సీసా ఆకుపచ్చలోకి. ఆదివారం, రాత్రిపూట వేయకండి, చప్పుడుకు పక్కవాళ్లు గొడవకొస్తారు. వాడేసిన బ్యాటరీలు అమ్మే కొట్లోనే డబ్బాలో వేయండి.

నీళ్లు, కూల్‌డ్రింకుల ప్లాస్టిక్ సీసా లేదా డబ్బాకు కొన్నప్పుడే 25 సెంట్లు అదనంగా పడుతుంది, మళ్లీ మళ్లీ నింపే రకానికి 15, బీరు గాజుసీసాకు సాధారణంగా 8. సూపర్‌మార్కెట్ గుమ్మం దగ్గర మెషీన్‌లో వేస్తే చీటీ వస్తుంది. సీసా నలపకండి, గుర్తు కనిపించకపోతే మెషీన్ తీసుకోదు. చీటీని అదే కొట్టు కౌంటర్‌లో చూపిస్తే ఆ రోజు బిల్లులోంచి తగ్గిస్తారు, ఇంకో గొలుసు కొట్లో చెల్లదు.